ఉప్పెన ఏ రేవుకు?

కోరంగి ఇప్పుడు మడ అడవి చూడ్డానికి జనం పడవెక్కే చోటు. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో ఒక మామూలు ఊరు. రెండు వందల ఏళ్ల కిందట అక్కడ ఓడలు కట్టేవారు, దెబ్బతిన్నవాటిని బాగుచేసేవారు, సరుకు ఎక్కించి దింపేవారు. సముద్రం దాటి బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడివాళ్లు ‘కొరంగీలు’ అని పిలిచారంటే ఈ రేవు పేరు ఎంత దూరం పాకిందో తెలుస్తుంది.

ఆ రేవును సముద్రం రెండుసార్లు తుడిచిపెట్టింది. 1789 డిసెంబరులో పెనుగాలితో పాటు మూడు పెద్ద కెరటాలు వచ్చాయని అప్పటి వృత్తాంతం చెబుతుంది. మొదటిది ఊళ్లోకి అడుగుల కొద్దీ నీరు తెచ్చింది. రెండోది చుట్టుపక్కల పల్లపు నేలనంతా ముంచింది. మూడోది మిగిలినదాన్ని ఊడ్చుకుపోయింది. లంగరేసిన ఓడలు కొన్ని యానాం మైదానాల్లో తేలాయి. సరిగ్గా యాభై ఏళ్లకు, 1839 నవంబరు 25న మళ్లీ ఉప్పెన. ఈసారి కెరటం 40 అడుగులు లేచిందని, 3 లక్షల మంది పోయారని ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి అంకెలు ఎక్కుతూ వచ్చాయి. ఆ రోజుల్లో కోరంగి చుట్టుపక్కల అంత జనం ఉన్నారంటే నమ్మడం కష్టం. అంకె మాట ఎలా ఉన్నా దెబ్బ మాత్రం నిజం. దానికి గోదావరి ఒండ్రు కూడా తోడై రేవు పూడింది, ఓడలు కాకినాడకు మళ్లాయి.

అదే కాలంలో కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఇంగ్లీషు ఉద్యోగి ఉండేవారు. ఓడ ప్రమాదాలను విచారించే కోర్టుకు అధ్యక్షుడు. తుపానులో చిక్కి బయటపడ్డ ఓడల దినచర్య పుస్తకాలన్నీ పోగుచేసి, ఏ గంటకు ఏ ఓడకు గాలి ఏ దిక్కు నుంచి కొట్టిందో పటం మీద గుర్తులు పెట్టుకుంటూ పోయారు. గుర్తులన్నీ కలిపితే గాలి పాము చుట్ట చుట్టుకున్నట్టు కనిపించింది. చుట్ట అనే అర్థమున్న గ్రీకు మాటలోంచి ‘సైక్లోన్’ అనే పేరు పుట్టించింది ఆయనే. 1848లో నావికుల కోసం రాసిన ‘సెయిలర్స్ హార్న్‌బుక్’లో కోరంగి కథ కూడా ఉంది.

ఆ పుస్తకంతో పాటు కొమ్మును పల్చగా చెక్కి చేసిన బిళ్లలు ఇచ్చేవారు. అవతలి గీతలు కనబడేంత పల్చన. బిళ్ల మీద గుండ్రంగా గాలి దిక్కులు రాసి ఉంటాయి. నావికుడు దాన్ని సముద్రపటం మీద పెట్టి, తన ఓడకు తగులుతున్న గాలి ఏ దిక్కుదో బిళ్ల మీద వెతికి, ఆ చోటు ఓడ ఉన్న చుక్క మీదికి వచ్చేలా జరుపుకుంటాడు. అప్పుడు బిళ్ల నడిమి చుక్క తుపాను కన్ను ఎటువైపు ఉందో చూపిస్తుంది. ఎంత దూరంలో ఉందో చెప్పదు, ఎటు నడవబోతోందో చెప్పదు. అయినా బంగాళాఖాతపు గాలివానకు ఒక నమూనా కట్టి, దాంతో రాబోయేదాన్ని లెక్కగట్టే పని ఈ కొమ్ముబిళ్లతోనే మొదలైందంటే తప్పులేదు.

అయితే అది ఓడకు పనికొచ్చే లెక్క. ఓడ తప్పుకోగలదు. ఒడ్డున ఉన్న ఊరు తప్పుకోలేదు. ఊరివాళ్లకు కావలసిన జవాబులు వేరు: ఉప్పెన ఏ రేవుకు, ఎంత ఎత్తున, ఏ వేళకు? కృష్ణా గోదావరి తీరంలో ఆ జవాబులు దొరకడానికి నూటయాభై ఏళ్లు పట్టింది. ఆ కాలమంతా ప్రతి మెట్టుకూ ఒక ఊరు బలైంది.

1864లో బందరు వంతు వచ్చింది. అక్టోబరు 5న కలకత్తాను ఒక తుపాను ధ్వంసం చేసింది. నెల తిరక్కుండానే నవంబరు 1 రాత్రి ఇంకోటి మచిలీపట్నం మీద పడింది. మామూలు పోటు మట్టానికి పైన 13 అడుగులు లేచిన నీరు, కొన్నిచోట్ల 17 మైళ్ల లోపలికి వెళ్లింది. దాదాపు 30 వేల మంది చనిపోయారు. చీకట్లో వచ్చింది కాబట్టి ఎటు పరుగెత్తాలో కూడా తెలియని చావు అది. బందరు చుట్టూ నేల బల్లపరుపు. ఎక్కడో ఒక దిబ్బ తప్ప ఎక్కడానికి మెరక లేదు. గోర్డన్ మెకంజీ 1883లో వేసిన కృష్ణా జిల్లా మాన్యువల్ ఈ రాత్రి కథను నమోదు చేసింది. ఉప్పెనను అడుగుల కొలతతో, మైళ్ల లెక్కతో రాసిపెట్టిన ఇలాంటి పేజీలే తర్వాతి శాస్త్రానికి ఆధారమయ్యాయి. రాసినవాళ్లకు ఆ సంగతి అప్పటికి తెలియదు.

కలకత్తా తుపాను, దాని వెనకే 1866, 1871ల్లో తప్పిన వానలు కలిసి ప్రభుత్వాన్ని కదిలించాయి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. హెచ్.ఎఫ్. బ్లాన్‌ఫర్డ్ దానికి మొదటి అధికారి. ఇక్కడ విశాఖ సంగతి చెప్పుకోకుండా ముందుకు పోకూడదు. ఆ శాఖ పుట్టడానికి ముప్పై అయిదేళ్ల ముందే, 1840లో, గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు డాబాగార్డెన్స్‌లో సొంత డబ్బుతో వేధశాల కట్టించారు. నక్షత్రాలు చూడ్డంతో పాటు వాన, గాలి, పీడనం కొలతలు అక్కడ సాగాయి. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని నిలబెట్టారు. సర్కారు అడగకముందే, జీతం లేకుండా, రోజూ గాలిని లెక్కరాసుకున్న మనుషులు ఈ తీరంలో ఉన్నారు.

తర్వాతి దశాబ్దాల్లో రేవుల్లో జెండాస్తంభాలు లేచాయి. పగలు శంకువులు, డ్రమ్ములు వేలాడదీయడం, రాత్రి ఎర్రదీపాలు, తెల్లదీపాలు వెలిగించడం. ఆకాశవాణి వినే ప్రతి కోస్తా ఇంట్లోనూ ‘మూడో నంబరు’, ‘పదో నంబరు’ అన్న మాటలు చుట్టాల పేర్లంత అలవాటైపోయాయి. పదో నంబరు ఎగిరిందంటే పెను తుపాను రేవు మీదుగానో దగ్గరగానో పోబోతోందని. దాని పైన పదకొండో నంబరు ఒకటుంది. అది గాలి గురించి కాదు. హెచ్చరిక ఇచ్చే కార్యాలయంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక మీ జాగ్రత్తలో మీరు ఉండండి అని దాని అర్థం.

1977 నవంబరు 19న కృష్ణా మొగ దగ్గరి దివిసీమకు దక్కింది దాదాపు ఆ పదకొండో నంబరు బతుకే.

ఆ నెల 12న నాగపట్నం దగ్గర ఒక తుపాను తీరం దాటి వందలమందిని చంపింది. అది వెళ్లిన వెంటనే బంగాళాఖాతంలో ఇంకో వాయుగుండం బలపడి పడమరకు నడవసాగింది. ఆ నడక చూసినవాళ్లకు ఇది కూడా దక్షిణాన ఎక్కడో తీరం తాకేలా కనిపించింది. చివర్లో ఉత్తరానికి మళ్లింది. విశాఖలో అప్పటికి రాడార్ ఉంది. 1970లో, వాతావరణ శాఖకు తెలుగువాడైన పంచేటి కోటేశ్వరం అధిపతిగా ఉన్న రోజుల్లో, పెట్టినది. కృష్ణా మొగ దానికి చాలా దూరం. ఉపగ్రహ చిత్రాలు ఇప్పటిలా గంటగంటకూ అందేవి కావు. రేడియో హెచ్చరికలు వచ్చాయి. కోస్తా మొత్తానికి కలిపి చెప్పే హెచ్చరిక వింటే నాగాయలంకలో ఉన్నవాడు ఇల్లు వదలాలో వద్దో తేల్చుకోలేడు. అలాంటివి అంతకుముందు ఎన్ని వినలేదు?

తుపాను కన్ను చీరాల దగ్గర తీరం దాటింది. ఉప్పెన మాత్రం దానికి అరవై కిలోమీటర్లు తూర్పున, దివిసీమను ముంచింది. ఈ ఒక్క సంగతిని నెమ్మదిగా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే తర్వాతి లెక్కలన్నీ దీని చుట్టూనే తిరిగాయి. మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. తుపాను నడిచే దిక్కుకు ఎడమపక్కన గాలి నేల మీంచి సముద్రంలోకి తోస్తుంది, కుడిపక్కన సముద్రం మీంచి నేల మీదికి తోస్తుంది. చీరాలకు కుడిపక్కన ఉన్నది దివి. నిజాంపట్నం దగ్గర తీరం లోపలికి ఒంపు తిరిగి ఉంటుంది. ఆ ముందంతా సముద్రం లోతు తక్కువ. గాలి తోసుకొచ్చిన నీటికి కిందకు దిగే చోటు ఉండదు, ముందుకు పోయే చోటు ఉండదు, పైకి లేవాల్సిందే. అలా అయిదు మీటర్ల దాకా లేచింది. ముగ్గురు మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడినంత ఎత్తు.

నాగాయలంక, కోడూరు, హంసలదీవి, సొర్లగొంది, పాలకాయతిప్ప. ఆ సాయంత్రం తర్వాత ఈ పేర్లు పేపర్లలో శవాల లెక్కతో కలిసి వచ్చాయి. నీరు పది కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చింది. తాటిచెట్టు పట్టు దొరికినవాళ్లు బతికారు. దొరకనివాళ్లు పొలాల్లో, ముళ్లకంచెల్లో, కాలవల్లో తేలారు. ప్రభుత్వ లెక్కే పదివేల దాకా వెళ్లింది, ఊళ్లవాళ్లు చెప్పే లెక్క అంతకు ఎక్కువ. అవనిగడ్డ శాసనసభ్యుడు మండలి వెంకట కృష్ణారావు సహాయపనుల్లో పడిపోయారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగారు.

చనిపోయినవాళ్లలో ఎక్కువమంది చేపలు పట్టేవాళ్లు, ఉప్పునేలల అంచున పాకలేసుకున్న కూలీలు. అదేమీ యాదృచ్ఛికం కాదు. పీటర్ వించెస్టర్ అనే బ్రిటిష్ పరిశోధకుడు కృష్ణా డెల్టాలో ఏళ్లపాటు తిరిగి 1992లో ఒక పుస్తకం వేశారు. గాలి అందరికీ ఒకటే, పక్కా ఇల్లూ మెరకనేలా ఉన్నవాడికి ఒక తుపాను, లేనివాడికి ఇంకో తుపాను అన్నది ఆయన చూపించిన సారాంశం. వాతావరణ మోడళ్ల గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నా ఈ పుస్తకాన్ని పక్కన పెట్టి చెప్పుకోకూడదు.

దివి మీద పడిన ఉప్పెన రెండోసారి కాగితం మీద లేచింది. 1970లో తూర్పు పాకిస్తాన్‌ను భోలా తుపాను లక్షల శవాలతో నింపాక, పి.కె. దాస్ 1972లో ‘నేచర్’ పత్రికలో బంగాళాఖాతపు ఉప్పెనలకు ఒక గణిత నమూనా ప్రచురించారు. ఆ దారిలో ముందుకు వెళ్లినవాళ్లు ఢిల్లీ ఐఐటీలోని ఎస్.కె. దూబే, యు.సి. మహంతి, పి.సి. సిన్హా. బ్రిటన్‌కు చెందిన జాన్స్‌తో కలిసి 1981లో రాయల్ మెటియరలాజికల్ సొసైటీ పత్రికలో వాళ్లు వేసిన పేపరు పేరే ‘1977 ఆంధ్రా తుపాను ఉప్పెన’ను లెక్కగట్టడం. తీరపు ఒంపును, సముద్రపు లోతును, తుపాను నడకను అంకెలుగా మార్చి కంప్యూటర్‌లో పోస్తే నీరు ఎక్కడ ఎంత లేస్తుందో రావాలి. దివి దగ్గర జరిగింది ఆ లెక్కకు పరీక్ష. అప్పటి నుంచి మన తీరం కోసం ఎవరు ఉప్పెన మోడల్ కట్టినా 1977 మీద పెట్టి సరిచూసుకోవడం ఆనవాయితీ అయింది. అవనిగడ్డలో స్మారకస్తూపం ఉంది. ఈ లెక్కలు కూడా ఒకరకంగా ఆ చనిపోయినవాళ్ల గుర్తులే.

గాలి లెక్క కూడా అప్పుడే ఊపందుకుంది. 1980ల్లో ఇన్సాట్ ఉపగ్రహం వచ్చింది. 1988లో ఢిల్లీలో మధ్యస్థ అవధి అంచనాల కేంద్రం పెట్టి, అమెరికా నుంచి క్రే సూపర్ కంప్యూటర్ తెచ్చారు. 1990 మే 9న దివి తుపానుతో పోల్చదగ్గ తుపాను మళ్లీ కృష్ణా మొగ దగ్గరే తీరం దాటింది. లక్షలమందిని ముందే కదిలించారు. చనిపోయినవాళ్లు వెయ్యి లోపు. పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్న ఆ తొమ్మిది వేలమంది పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్లు బతికి ఉన్నారు కాబట్టి ఏ జాబితాలోనూ ఎక్కలేదు.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ కథ వేరు. తుపాను చిన్నది, గట్టిది. కొబ్బరితోటల్ని మొదళ్లతో సహా పడేసింది. యానాం అవతల భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి పల్లెల నుంచి వేటకు వెళ్లినవాళ్లకు కబురు అందలేదు. వెయ్యిమందికి పైగా చనిపోయారు, మరో వెయ్యికి పైగా గల్లంతయ్యారు. గల్లంతు అన్న మాట ఆఫీసు కాగితంలో తేలికగా కనిపిస్తుంది. శవం రాని ఇంట్లో కర్మ ఎప్పుడు చెయ్యాలో కూడా తేలదు.

ఇదంతా ఇవాళ లేచిన తుపాను రేపు ఎటు పోతుందన్న లెక్క. ఇంకో ముప్పై నలభై ఏళ్లకు ఈ తీరంలో వానలు, గాలులు, ఎండలు ఎలా మారతాయన్నది వేరే లెక్క. దాని పుట్టుక ఎక్కడో జరిగింది. అమెరికాలో నెవాడా రాష్ట్రపు యక్కా కొండ కింద అణు వ్యర్థాలు పాతిపెట్టాలనుకున్నప్పుడు, వేల ఏళ్ల తర్వాత అక్కడ వానలు ఎలా ఉంటాయన్న ప్రశ్న వచ్చింది. భూగోళం మొత్తాన్ని లెక్కగట్టే మోడల్‌లో ఆ కొండలు అసలు కనిపించనే లేదు. డికిన్సన్, జార్జి అనే శాస్త్రవేత్తలు 1989లో ఒక చిన్న ప్రాంతానికి మాత్రమే సన్నటి గడులు గీసి వాతావరణాన్ని లెక్కగట్టే పద్ధతి చూపించారు. ప్రాంతీయ వాతావరణ మోడల్ అన్నది అలా మొదలైంది.

గడి అంటే ఏమిటో డెల్టావాళ్లకు కాలవ పోలికతో చెప్పొచ్చు. భూగోళపు మోడల్ బ్యారేజీ దగ్గర లాకులాంటిది. పై నుంచి ప్రధాన కాలవకు ఎంత నీరు వదిలారో అది చెబుతుంది. ఏ బోదెకు ఎంత పారింది, చివరి చేను తడిసిందా లేదా అన్నది దానికి పట్టదు. ఆ పని ప్రాంతీయ మోడల్‌ది. లాకు దగ్గర లెక్క తప్పితే బోదె దగ్గర ఎంత జాగ్రత్తపడినా లెక్క కుదరదు, రెండూ ఒకదాన్నొకటి వదిలి బతకలేవు. రెండు వందల యాభై కిలోమీటర్ల గడి గీస్తే చీరాల నుంచి కాకినాడ దాకా అంతా ఒకే గడిలో పడిపోతుంది. యాభై కిలోమీటర్ల గడిలో దివిసీమ మొత్తం ఒకే చుక్క. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థలో కొల్లి రూపకుమార్ బృందం 2006లో దేశం మొత్తానికి భవిష్యత్ చిత్రం గీసింది ఈ యాభై కిలోమీటర్ల గడులతోనే. తుపాను కన్ను కొన్ని పదుల కిలోమీటర్లకు మించదు కాబట్టి ఆ గడుల్లో దాని అసలు రూపం చిక్కదు. వానల పోకడ, ఎండల పోకడ చిక్కుతాయి.

2020లో కేంద్ర భూవిజ్ఞాన శాఖ వేసిన నివేదిక ఈ తరహా లెక్కల్నీ పాత నమోదుల్నీ కలిపి చెప్పింది. 1901 నుంచి 2018 మధ్య దేశపు సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలు పెరిగింది. 1951 నుంచి 2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రం పైనీరు 1 డిగ్రీ వేడెక్కింది. ఉత్తర హిందూ మహాసముద్రంలో తుపానుల సంఖ్య గత శతాబ్దం మధ్య నుంచి తగ్గింది, అయితే 2000 తర్వాత, రుతుపవనాలు వెళ్లాక వచ్చే అతి తీవ్ర తుపానులు పెరిగాయి. తక్కువసార్లు, ఎక్కువ బలంతో. తీరంలో ఉన్నవాళ్లకు ఇది రెండు రకాలుగా ప్రమాదం. మధ్యలో తుపాను లేని ఏళ్లు ఎక్కువైతే భయం మరుపున పడుతుంది, కరకట్ట మట్టి జారిపోతుంది, తుపాను షెల్టర్‌కు తాళం పడుతుంది.

2014 అక్టోబరు 12. విశాఖ. హుద్‌హుద్ ఆ నగరం మీదే పడుతుందని వాతావరణ శాఖ రోజుల ముందే చెప్పింది, చెప్పినట్టే వచ్చింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల దరిదాపు. కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ తుపాను కన్నును దగ్గర దాకా చూపిస్తూ వచ్చి, తీరం దాటకముందే ఆగిపోయింది. నగరంలో కరెంటు లేదు, ఫోన్లు మోగలేదు, ఎయిర్‌పోర్టు పైకప్పు చిరిగిపోయింది. పదకొండో నంబరు ఎగరేయాల్సిన సమయం అది. అయినా ఆ నిశ్శబ్దం పడే వేళకు జనం షెల్టర్లలో, బళ్లలో ఉన్నారు. 1864లో బందరులో తెలియనిది, 1977లో దివిలో అందనిది, ఈసారి మూడు నాలుగు రోజుల ముందు చేతికి వచ్చింది. లక్షలమంది ఉండే నగరం మీద అంత గాలి పడితే ఆంధ్రాలో చావులు పదుల్లోనే ఆగాయి.

ఇప్పుడు గడులు ఇంకా సన్నబడ్డాయి. 2018లో పుణె, నోయిడాల్లో ప్రత్యూష్, మిహిర్ అనే సూపర్ కంప్యూటర్లు వచ్చాక భూగోళం మొత్తానికి 12 కిలోమీటర్ల గడితో అంచనా వేయడం మొదలైంది. తుపాను కోసం నడిపే ప్రాంతీయ మోడళ్లు అంతకంటే సన్నం. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉప్పెన ఎక్కడెక్కడ ఎంత ఎత్తు లేస్తుందో లెక్కగట్టి పంపుతోంది. సముద్రానికి అంత దూరాన ఉన్న నగరంలో కూర్చుని నాగాయలంక నీటిమట్టం చెబుతున్నారు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 1977లో కన్ను దాటిన చోటికి కూతవేటు దూరం, దివి మళ్లీ కుడిపక్కనే. ఈసారి గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లే, అంతకుముందే చెన్నైని వానతో ముంచి వచ్చింది. హెచ్చరిక రోజుల ముందే ఫోన్లలోకి చేరింది. తీరపు పల్లెల్లో మనుషులు కదిలారు, పడవలు ఒడ్డుకు చేరాయి.

సార్వా వరి కోతకొచ్చిన రోజులవి. కోసినవాళ్ల పంట పనల మీద ఉంది, కోయనివాళ్ల పంట నిలువున ఉంది. నిలువునున్నది నేలకొరిగింది, పనల మీదున్నది నీళ్లలో నానింది. గాలి తగ్గాక డెల్టా రోడ్ల పొడుగునా టార్పాలిన్లు కప్పిన వడ్ల రాశులు, పక్కనే ఎండ కోసం ఆకాశం చూస్తున్న కౌలురైతులు. సర్కారు కొనాలంటే గింజలో తేమ 17 శాతం దాటకూడదు. రాశిలోంచి గుప్పెడు వడ్లు తీసి చిన్న యంత్రంలో పోసి, దాని మీద ఏ అంకె వెలుగుతుందా అని వాళ్లు వంగి చూస్తున్నారు.